ఎరుక లేదు

“వెళ్ళనని ఒక్క మాట అను. మిగతాదంతా మేం చూసుకుంటాం,” అంది సీతాలక్ష్మి.

ఆకాష్ తల ఎత్తలేదు. వంటింట్లో నేలమీద, ఐర్లండ్ వాళ్ళు ప్రెస్ అనే గిన్నెల అలమర తలుపుకి వీపు ఆనించి కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. యుద్ధం నుంచి సెలవు మీద ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వాడు బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు. బల్లకి ఎదురుగా పెద్ద కిటికీ ఉంది. దాని అవతల చారెడు తోట, ఆపైన పక్కింటి కంచె, అంతే. అయినా వచ్చిన రోజే కర్టెన్లు లాగేశాడు. అప్పట్నుంచీ ఆమె పట్టపగలు కూడా లైటు వేసుకునే వంట చేస్తోంది.

“కాంట్రాక్టు అయిపోయిందన్నావు గదా. ఇష్టమైతే ఉండొచ్చు, లేకపోతే మానెయ్యొచ్చు అన్నావు. నువ్వే అన్నావు.”

“అన్నాను.”

“మరి?”

“మామ్, ప్లీజ్.”

“ఆ దళంలో ఎంతమంది లేరు? బ్రెజిల్ వాళ్ళున్నారన్నావు, స్కాట్లండ్ వాళ్ళున్నారన్నావు. నువ్వొక్కడివి లేకపోతే యుద్ధం ఆగిపోతుందా?”

“ఆగదు.”

“మరి?”

ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయినవాడిలా ఉండిపోయాడు. రేపు పొద్దున్నే పోలండ్ విమానం. అక్కణ్ణుంచి రైలు. బరువైన ఆకుపచ్చ సంచీ అప్పుడే మెట్ల కింద సిద్ధంగా కూర్చుని ఉంది.

ముందుగదిలోంచి కృష్ణమూర్తి గొంతు వినిపించింది. “పెరుగు కావాలేమో అడుగు వాణ్ని.”

ఆ ఇంట్లో కొంతకాలంగా తండ్రీకొడుకుల మాటలన్నీ ఇలా సీతాలక్ష్మి మీదుగానే నడుస్తున్నాయి. ఉక్రెయిన్ ఆసుపత్రులకి మందుల వ్యాన్ నడుపుతానని చెప్పి వెళ్ళిన కొడుకు, అక్కడే విదేశీ వాలంటీర్ల దళంలో చేరిపోయి యూనిఫాంలో ఫొటో పంపాడు. ఆ ఫొటో చూసిన నాటి నుంచీ కృష్ణమూర్తి వాడితో నేరుగా మాట్లాడలేదు. ఈ ఐర్లండ్ ఊళ్ళో తెలుగువాళ్ళు అడిగితే, “మావాడికి జర్మనీలో ఉద్యోగం” అని చెప్పాడు. డేటా సెంటర్లో తనతో పనిచేసేవాళ్ళకీ అదే చెప్పాడు. చెప్పి చెప్పి, ఒక్కోసారి తనే నమ్ముతున్నాడేమోనని సీతాలక్ష్మికి అనుమానం వచ్చేది.

“పెరుగు వెయ్యనా?”

“వద్దు.”

పక్కింటి తోటలో ఏదో బుర్రుమంది. గడ్డి కోసే మిషను. వాన పడకముందే పని కానిచ్చుకుందామని పక్కింటాయన మొదలుపెట్టినట్టున్నాడు. సన్నగా మొదలై, కీచుగా పెరిగి, దగ్గరికొస్తున్నట్టయింది ఆ చప్పుడు.

కంచం ఎక్కడో పడింది. సీతాలక్ష్మి తిరిగి చూసేసరికి కొడుకు బల్ల కింద ఉన్నాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, కళ్ళు మాత్రం పైకప్పు మీద పెట్టి, ఆ చప్పుడు ఎటు నుంచి ఎటు వెళ్తోందో దానితోపాటే చూపు తిప్పుతున్నాడు. ఆమె దగ్గరికి వెళ్ళబోయింది. చేత్తోనే వద్దన్నాడు. కదలొద్దన్నాడు.

మెట్లు దిగి పరుగున వచ్చింది నిఖిల. వంగి అన్న భుజం మీద చెయ్యి వేసింది. “ఇట్స్ ఓన్లీ డెక్లన్ నెక్స్ట్ డోర్. యు ఆర్ గ్రాండ్, ఆకాష్. ఏం కాలేదు. యు ఆర్ గ్రాండ్.”

మిషను ఆగింది. వాడు మెల్లిగా బయటికి వచ్చి, చెదిరిన మెతుకులు ఏరడం మొదలుపెట్టాడు. “సారీ మామ్,” అన్నాడు.

“నేను ఏరతాను, లే.”

“నో, ఐ’ల్ డూ ఇట్.”

ఒక్కొక్క మెతుకూ ఏరుతున్నాడు. చిన్నప్పుడు కంచంలో సగం వదిలేసి పారిపోయే పిల్లాడు. ఇలాంటివాణ్ని రేపు పొద్దున్న తన చేతుల్తో విమానం ఎక్కించాలి. ముందుగదిలో కృష్ణమూర్తి టీవీ ఆపేశాడు.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

కృష్ణమూర్తి తలుపు తీశాడు. గుమ్మంలో పల్చటి జాకెట్టు వేసుకున్న మనిషి. ముప్పైకి లోపే ఉంటాడు. లోపలికి రమ్మనకముందే బూట్లు విప్పేశాడు.

“నమస్తే అంకుల్. నా పేరు ఖాదర్. మాది జడ్చర్ల. నిఖిల చదివే యూనివర్సిటీల్నే ఎమ్మెస్ చేస్తున్న. ఆకాష్ లడాయి నుంచి ఇంటికొచ్చిండని తెలిసి...”

“మావాడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు,” అన్నాడు కృష్ణమూర్తి. “మీరు ఎవరినో చూసి ఎవరో అనుకున్నట్టున్నారు.”

“ఐ టోల్డ్ హిమ్, డాడ్.” నిఖిల హాల్లోకి వచ్చి నిలబడింది.

కృష్ణమూర్తి కూతురి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “ఇంటి గుట్టు తీసుకెళ్ళి కాలేజీలో పెట్టావా?”

“గుట్టా? హి’జ్ మై బ్రదర్. నేను జర్మనీ జర్మనీ అని అందరికీ చెప్పలేను, డాడ్. ఇఫ్ హి డైస్, వాట్ డూ వి సే? జర్మనీలో పోయాడనా?”

ఖాదర్ వంగి మళ్ళీ బూట్లు అందుకోబోయాడు. “తప్పయింది అంకుల్. నేను పోతా.”

“లోపలికి రా నాయనా,” అంది సీతాలక్ష్మి. ఎందుకన్నదో ఆమెకే తెలీదు. ఆ బూట్ల దగ్గర వంగిన మనిషి వీపు చూసి అనేసింది.

ఖాదర్ సోఫా అంచున కూర్చున్నాడు. ఆకాష్ వచ్చి గోడ వారగా, కిటికీకి దూరంగా నిలబడ్డాడు.

“మా తమ్ముడు యాకూబ్,” అన్నాడు ఖాదర్. “రష్యాల సెక్యూరిటీ గార్డు నౌకరీ అని ఒక ఏజెంటు తీస్కపోయిండు. పోయినంక ఏందో కాయితం మీద సంతకం పెట్టమన్నరంట. ఆ భాష మనకొస్తదా? పెట్టిండు. తుపాకి చేతికిచ్చి ముందటికి తోలిన్రు. అప్పుడప్పుడు నాకు ఫోన్ల మాటలు పంపుతుండె. నడుమ బందయింది. అమ్మకు చెప్పొద్దనుకున్న గని, ఆఖరికి చెప్పక తప్పలే.”

ఆగి, ఆకాష్ వైపు చూశాడు.

“మీరు ఒక దిక్కు, మావోడు ఒక దిక్కు. తెలుసు నాకు. తప్పనుకోకుర్రి. దొరికినోళ్ళ ఫొటోలు మీ దిక్కు పెడ్తరంట గదా. ఎక్కడన్న చూసిన్రేమోనని అడగనీకె వచ్చిన. గంతే.”

ఫోను చాపాడు. ఆకాష్ అందుకున్నాడు. సీతాలక్ష్మి నిలబడిన చోటి నుంచి ఆ బొమ్మ ఆమెకీ కనిపించింది. క్రికెట్ ఆడే మైదానం, ఎండకి కళ్ళు చికిలించుకుని నవ్వుతున్న కుర్రాడు, భుజం మీద బ్యాటు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు.

ఆకాష్ చాలాసేపు చూశాడు. ఫోను తెర ఆరిపోయింది. ఆరిపోయిన తెర వైపే ఇంకాసేపు చూశాడు.

“ఎరుక లేదన్నా,” అన్నాడు.

ఖాదర్ తల ఊపి ఫోను తీసుకున్నాడు. టీ తాగమంటే వద్దన్నాడు. గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, “ఫికరు లేదు ఆంటీ. మస్తుమందిని అడిగిన. అందరు మంచిగనే చెప్తరు,” అన్నాడు. బయట తుంపర మొదలైంది. జాకెట్టు మెడ పైకి లాక్కుని బస్సు స్టాపు వైపు నడిచి వెళ్ళాడు.

తలుపు మూసింది సీతాలక్ష్మి. మూసిన తలుపు మీదే చెయ్యి ఉంచి నిలబడిపోయింది.

ఎరుక లేదు.

వాళ్ళది ఒంగోలు. ఆ ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాదు. అసలు వాడు తెలుగులో జవాబు చెప్పడమే అరుదు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేవాడు, అదీ ఇక్కడి యాసతో. మరీ బతిమాలితే “తెలీదు,” “వద్దు” అనేవాడు. ఈ ఊళ్ళో బడికి వెళ్ళి, ఇక్కడి పిల్లలతో కర్రలతో ఆడే హర్లింగ్ ఆడుకుని పెరిగినవాడు. వాడికి ‘ఎరుక’ అనే మాట ఉందని తెలిసే దారే లేదు.

వంటింట్లోకి వెళ్ళింది. వాడు మళ్ళీ ఆ గిన్నెల ప్రెస్ ముందు కూర్చుని ఉన్నాడు.

“ఆ మాట నీకెవరు నేర్పారు?”

“ఏ మాట?”

“నాకు అబద్ధం చెప్పకు ఆకాష్. ఆ అబ్బాయికి చెప్పావు, చాలు.”

చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు వాడు. ఆమె వాడి ఎదురుగా నేలమీద కూర్చుంది. నిఖిల గుమ్మంలో ఆగింది. వాడు వచ్చీరాని తెలుగులోనే చెప్పాడు. ఆ విషయం ఇంగ్లీషులో చెప్పడానికి వాడికి చేతకానట్టుంది.

“సెలవు దొరకడానికి కొంచెం ముందు. ఒక చెట్ల వరస. దాని కింద గొయ్యి తవ్వుకుని రష్యా వాళ్ళుంటారు. దాన్ని మేం తీసుకోవాలి. తీసుకున్నాం. లోపల ఎవరైనా ఉన్నారేమో చూడమని నన్ను పంపారు. చీకటి. నా చెయ్యి ఒకడి మీద పడింది. చనిపోయినవాడి మీద. నువ్వంటావే మామ్, గిన్నె జారితే, చెయ్యి కాలితే. ‘ఓరి దేవుడా’ అని. అదే వచ్చింది నా నోట్లోంచి.”

సీతాలక్ష్మి నేలమీదే వాడి దగ్గరికి జరిగింది.

“మూల నుంచి ఎవరో, ‘అన్నా, తెలుగోనివా?’ అన్నారు.”

కుళాయి చుక్క సింకులో పడింది. నిఖిల వెళ్ళి దాన్ని గట్టిగా కట్టేసి వచ్చింది.

“వాడికి రెండు కాళ్ళకీ తగిలింది. కట్టు కట్టాను. రక్తం ఆగింది. పైన డ్రోన్లు. ఎవరు బయటికి తల పెట్టినా పోతారు. సాయంత్రం దాకా ఇద్దరం అందులోనే. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. నిద్రపోకూడదని నేనే మాట్లాడించాను. వాళ్ళ ఊరు, వాళ్ళ టీము, ఒకసారి మ్యాచ్ మధ్యలో ఎద్దు వచ్చిందని... నా తెలుగు విని నవ్వాడు. ‘తెలీదు’ అనేది సినిమాలోళ్ళన్నా, ‘ఎరుక లేదు’ అను అన్నాడు. అనిపించాడు నాతో.”

“పేరు అడిగావా?”

“అడిగాను.”

ఏం పేరని ఆమె అడగలేదు.

“చీకటి పడుతుంటే వెనక్కి వచ్చెయ్యమన్నారు రేడియోలో. వాణ్ని మోసుకొస్తానన్నాను. కమాండర్ ఒప్పుకోలేదు. ఉన్నదే కొద్దిమందిమి. మాలోనే ఇద్దరికి దెబ్బలు. నా దగ్గరున్న నీళ్ళు వాడి పక్కన పెట్టాను. మళ్ళీ వస్తానని చెప్పాను.”

“తర్వాత?”

“మర్నాటికి ఆ చోటు మళ్ళీ వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళి ఉండొచ్చు. తీసుకెళ్ళకపోయి ఉండొచ్చు.” తల ఎత్తి చూశాడు. “మా యూనిట్ మళ్ళీ అటే వెళ్తోంది, మామ్.”

ఇన్నాళ్ళూ దేశాలూ న్యాయాలూ చెప్పి వాదించింది వాడితో. వాడు ఒక్కదానికీ ఎదురు చెప్పకపోవడం చూసి, మెత్తబడుతున్నాడని సంతోషించింది. వాడు వెళ్ళడానికీ ఆమె వాదించిన వాటికీ సంబంధమే లేదని ఇప్పుడు అర్థమైంది.

“ఆ అబ్బాయికి ఈ సంగతి చెప్పొద్దు.”

కృష్ణమూర్తి వంటింటి గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. ఆ మాట భార్యతో కాదు, కొడుకుతో అన్నాడు. ఆకాష్ తండ్రి ముఖంలోకి కొత్తగా చూశాడు.

“ఏం చెప్తావు?” అన్నాడు కృష్ణమూర్తి. “ఉన్నాడనా, పోయాడనా? రెండూ తెలీవు నీకు. తెలీనిది చెప్పి ఏం ప్రయోజనం? ఇవాళ ఏ ఆశా లేకుండా వెళ్ళిపోయాడు. రేపటికి మనసు రాయి చేసుకుంటాడు. అది చాలు.”

“రాయి చేసుకుంటే చాలా?” అంది సీతాలక్ష్మి.

“నువ్వు ఆలోచించి మాట్లాడు. చెప్పావే అనుకో. ఆ అబ్బాయి ఏమంటాడు? వెళ్ళి వెతకమంటాడు. ఎవరైనా అదే అంటారు. అప్పుడు వీణ్ని ఆ యుద్ధానికి పంపింది ఎవరు? నువ్వు. నీ చేతుల్తో నువ్వే పంపినట్టు.”

“చెప్పకపోతే ఆగుతాడా?”

“నేను ఆపుతాను.”

“ఎలా ఆపుతారు? జర్మనీ అని చెప్పా?”

కృష్ణమూర్తి ముఖం కందిపోయింది. ఆమె ఎప్పుడూ ఆయన్ని అంత మాట అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు. ఆమె కళ్ళముందు ఆ బూట్లు తొడుక్కునే మనిషే కదులుతున్నాడు. మస్తుమందిని అడిగిన, అందరు మంచిగనే చెప్తరు. ఆ అందరిలో తన కొడుకూ కలిసిపోయాడు. వాడూ మంచిగానే చెప్పాడు.

“సీతా,” అన్నాడు కృష్ణమూర్తి. ఈసారి గొంతులో కోపం లేదు. “నీ కాళ్ళు పట్టుకుంటాను. వెళ్ళకు.”

ఆమె అప్పటికే కోటు తీసుకుంది.

వాన పెద్దదవుతోంది. వీధిలో ఎవరూ లేరు. గొడుగు తెచ్చుకోలేదని మూల తిరిగాక గాని తెలీలేదు. దారి పొడవునా ఒకటే మాట మనసులో తిప్పుకుంది. కట్టు కట్టాడు. మావాడు కట్టు కట్టాడు. నీళ్ళిచ్చాడు. ఆ కుర్రాడి తల్లికి చెప్పగలిగిన మాటలే ఇవి. చెయ్యాల్సిందంతా చేశాడు నా కొడుకు.

స్టాపులో ఖాదర్ ఒక్కడే ఉన్నాడు. దూరంగా బస్సు దీపాలు కనిపిస్తున్నాయి. ఆమె ఇంకా అవతలి పేవ్‌మెంటు మీదే ఉంది. అక్కడ ఆగిపోతే చాలు. కొంచెంసేపు ఊరికే నిలబడితే చాలు. బస్సు వచ్చి అతన్ని తీసుకుపోతుంది. ఇంటికి వెళ్ళి, అందలేదని చెప్పొచ్చు.

అడుగు ముందుకు పడలేదు. వెనక్కీ పడలేదు.

ఖాదర్ ఆమెను చూశాడు. తడిసిన జుట్టూ, గుండీలు పెట్టుకోని కోటూ చూశాడు. బస్సు వచ్చి ఆగి తలుపు తెరుచుకుంది. అతను ఎక్కలేదు. డ్రైవరు ఏదో అడిగాడు, ఖాదర్ చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడామె రోడ్డు దాటింది.

“ఉన్నడా ఆంటీ?”

“ఒక్కసారి ఇంటికి రా నాయనా. మావాడే చెప్తాడు.”

దారిలో అతనేమీ అడగలేదు. ఆమె కంటె ముందు నడవకుండా, వెనకబడకుండా, పక్కనే నడిచాడు.

ఈసారి ఆకాష్ సోఫాలో కూర్చున్నాడు, కిటికీకి ఎదురుగానే. తల్లికి చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. ‘ఓరి దేవుడా’ అన్నదీ చెప్పాడు, ఎద్దు సంగతీ చెప్పాడు. ఎద్దు మాట వచ్చినప్పుడు ఖాదర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో ఏడుపో తెలీలేదు. “ఆ ఎద్దు మాదే,” అన్నాడు.

నిఖిల తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు గాని తల తుడుచుకోలేదు. కృష్ణమూర్తి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“కాళ్ళకు తగిలిందన్నవు,” అన్నాడు ఖాదర్. “ఎట్ల తగిలింది?”

“గ్రెనేడ్.”

“ఎవలు ఏసిన్రు?”

సీతాలక్ష్మి కొడుకు వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెకి తట్టనేలేదు. యుద్ధంలో దెబ్బలు వాన పడ్డట్టు పైనుంచి పడతాయని అనుకుందో ఏమో. ఎవరో ఒకరు వెయ్యాలి గదా అన్న ఆలోచనే రాలేదు.

“లోపలికి వెళ్ళేముందు వేస్తాం,” అన్నాడు ఆకాష్. “ఎవరున్నారో చూడం. అలాగే నేర్పుతారు. లోపలికి వేసి, తర్వాత వెళ్తాం.”

“ఎవలు ఏసిన్రు?”

“నేను.”

కృష్ణమూర్తి గోడకి చెయ్యి ఆనించాడు. సీతాలక్ష్మి కూర్చుంది. స్టాపు దాకా నడిచినంతసేపూ పట్టుకుని నడిచిన మాట చేతిలోంచి జారిపోయింది. ఆ తల్లికి ఏం చెప్పాలనుకుందో అది ఇక చెప్పడానికి లేదు. ఈయన వద్దన్నప్పుడు ఆగి ఉంటే. ఆ బస్సు వెళ్ళేదాకా అవతలి పేవ్‌మెంటు మీద నిలబడి ఉంటే.

ఖాదర్ లేచి నిలబడ్డాడు. నిఖిల గబుక్కున అన్నకి అడ్డంగా వచ్చింది. అతను ఆమెను చూడలేదు.

“కొట్టింది నువ్వే. కట్టు కట్టింది నువ్వే.”

“అవును.”

“మావోనికి తెలుసా?”

“చెప్పాను. నేనే వేశానని చెప్పాను.”

“ఏమన్నడు?”

ఆకాష్ ఆ కుర్రాడి మాటని ఆ కుర్రాడి యాసలోనే చెప్పాడు. “‘నీ జాగల నేనున్నా గదే చేద్దునన్నా’ అన్నాడు. తర్వాత నీళ్ళడిగాడు.”

ఖాదర్ గది ఆ చివరికి నడిచాడు. మెట్ల కింద ఆ ఆకుపచ్చ సంచీ ఉంది. దాని ముందు ఆగాడు. అక్కడే నిలబడి, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

“రేపేనా?”

“రేపే.”

“తెస్తవా?”

“ఉంటే తెస్తాను.”

ఆ మాటన్నప్పుడు కొడుకు ముఖం చూసింది సీతాలక్ష్మి. వచ్చిన రోజు నుంచీ ఆ ముఖంలో లేని నెమ్మది ఇప్పుడు ఉంది. చిన్నప్పుడు జ్వరం దిగాక నిద్రపోయేవాడే, అలాంటి నెమ్మది. బల్ల కింద ముడుచుకున్నప్పుడు కూడా ఆమె వాణ్ని చూసి ఇంత భయపడలేదు.

“బాబూ,” అన్నాడు కృష్ణమూర్తి. ఖాదర్ దగ్గరికి రెండడుగులు వేశాడు. “వీడు మాకు ఒక్కడే...”

ఖాదర్ చెయ్యెత్తి ఆపాడు. “అంకుల్, నేను ఎవ్వల్ని పొమ్మంటలేను, ఉండుమంటలేను. గని ఇది నా కాడ పెట్టుకుని నేను పండుకోలేను. మా అమ్మకు నేను చెప్పలేను. ఈయననే చెప్పనీయుర్రి.”

ఫోను తీసి వీడియో కాల్ చేశాడు. జడ్చర్లలో ఇప్పుడు దీపాలు పెట్టే వేళ దాటి ఉంటుంది. ఒకసారి మోగీ మోగకముందే అటువైపు ఎత్తారు. ఎప్పుడూ ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చునే మనిషిలా. ఖాదర్ ఉర్దూలో ఒకటి రెండు మాటలు మాట్లాడాడు. అందులో ‘ఆకాష్’ అన్న పేరు లేదు. తమ్ముడి పేరూ లేదు. ఫోను తిప్పి ఆకాష్ ముందు పెట్టాడు.

ఆకాష్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. లేవలేదు. లేపాలని చూస్తున్నాడని, అవి వాడి మాట వినడం లేదని తల్లికి అర్థమైంది. ఫోను గాలిలో ఉంది. అందులోంచి “హలో, హలో” అంటోంది ఒక ఆడగొంతు.

సీతాలక్ష్మి ఫోను అందుకుంది.

తలమీద కొంగు కప్పుకున్న మనిషి. తన వయసే ఉంటుంది. కళ్ళ కింద నలుపు. వెనకాల గోడ మీద స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆమె ఫోనును కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుని పరికించి చూసింది.

“ఎవలమ్మా?” అని తెలుగులో అడిగింది.

“నేను... ఇక్కడ, ఐర్లండ్‌లో. సీతాలక్ష్మి అంటారు.”

“ఆఁ, ఆఁ. ఖాదరు చెప్పిండు పొద్దుగాల. ఆ దిక్కు లడాయికి పోయిన పిలగాని తల్లివి గదా నువ్వు?” ఆమె ముఖం విప్పారింది. “ఇంటికొచ్చిండంట గదా నీ కొడుకు. కండ్ల చూసుకున్నవా? దెబ్బలేం తగలలేదు గదా తల్లీ?”

సీతాలక్ష్మి చేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఏడ్వకు. ఏడ్వకమ్మా. వచ్చిండు గదా. నేను మావోని కోసం దినాము దువా చేస్త. ఇగ నుంచి నీ కొడుకు పేరు గూడ కలిపి చేస్త. ఎవలైతేంది, పిలగాండ్లే గదా.” ఆమె ఫోను ఇంకా దగ్గరికి జరుపుకుంది. “పేరేంది తల్లీ? పేరు చెప్పు.”

ఖాదర్ సీతాలక్ష్మినే చూస్తున్నాడు. ఆకాష్ లేచాడు. వాడి చేతులు ఇప్పుడు మాట వింటున్నాయి. తల్లి దగ్గరికి వచ్చి, ఫోను కోసం చెయ్యి చాపాడు.

సీతాలక్ష్మి ఫోను వదల్లేదు.